ఆరేళ్ల బాబు, ఎనిమిది ఆదివారాలు, గడ్డకట్టని జెల్లీ

పిల్లల పోషకాహారం మీద కౌన్సెలింగ్ చేస్తుంటా, దాంతో పాటు వారాంతాల్లో చిన్న కిచెన్‌లో పిల్లల చేత వంట చేయిస్తుంటా. ఈ కేస్ రాయడానికి కారణం ఇది బ్రహ్మాండంగా సక్సెస్ అయిందని కాదు. మొదటి రోజే నేను తప్పు చేశా, ఆ తప్పు చాలామంది అమ్మానాన్నలు చేసేదే, అందుకని. పేర్లు రాయట్లేదు, బాబుని చిన్నోడు అంటా, వాళ్ళక్కని అక్క అంటా.

చిన్నోడికి ఆరున్నర, అక్కకి తొమ్మిది. వాళ్ళమ్మ మొదటిసారి వచ్చినప్పుడే ఒక కాగితం తెచ్చింది, దాని మీద వాడు తినేవన్నీ రాసుంది, మొత్తం ఏడు. ప్లెయిన్ బ్రెడ్ (అంచులు తీసేసి), పాలు, అరటిపండు, బంగాళాదుంప చిప్స్, ఏమీ కలపని పాస్తా, చాక్లెట్ బిస్కెట్, స్ట్రాబెర్రీ పెరుగు కప్పు. పెరుగు తప్ప అన్నీ తెలుపో గోధుమరంగో, అన్నీ ప్రతిసారీ ఒకేలా ఉండేవి. బిస్కెట్ ఎప్పుడు కొరికినా అదే బిస్కెట్, టమాటా మాత్రం ఒకరోజు పుల్లగా ఒకరోజు మెత్తగా ఉంటుంది కదా, ఇలాంటి పిల్లలకి భయం అక్కడే.

ముందుగా పిల్లల డాక్టర్ దగ్గర చూపించుకున్నాకే నేను మొదలుపెట్టా. ఎత్తు బరువు బాగానే ఉన్నాయి, మింగడంలో ఇబ్బంది లేదు, రక్త పరీక్ష మామూలుగానే వచ్చింది. ఇది ఎందుకు చెప్తున్నా అంటే బరువు తగ్గుతున్నా, తినేటప్పుడు తరచూ పొలమారుతున్నా, ఉన్న నాలుగు పదార్థాలు కూడా ఒక్కొక్కటిగా మానేస్తున్నా అది మొండితనం కాకపోవచ్చు. తిండిని తీవ్రంగా దూరం పెట్టే సమస్యకి అర్ఫిడ్ అని పేరుంది, మానసిక సమస్యల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే పుస్తకం డీఎస్ఎం-5లో, 2013లో అది వచ్చినప్పుడు చేర్చారు. అలాంటి కేసులు వంట క్లాసుతో పోయేవి కావు, నేను తీసుకోను కూడా.

ఇంట్లో అప్పటిదాకా ఏం చేశారు అని అడిగా. ఫోన్ చూపిస్తూ తినిపించారు, అది పనిచేసినన్నాళ్ళు పనిచేసింది. తర్వాత 'రెండు ముక్కలు తిను చాక్లెట్ ఇస్తా' దగ్గరికి వచ్చారు. ఈ లంచం గురించి పరిశోధన కొత్తదేం కాదు, 1984లోనే లియాన్ బర్చ్ అనే ఆవిడ, ఇంకొందరు కలిసి చూశారు, ఒక పానీయం తాగితే బహుమానం ఇస్తామన్న పిల్లల్లో ఆ పానీయం మీద ఇష్టం పెరగలేదు సరికదా తగ్గింది. ఆలోచిస్తే పిల్లల లెక్క కరెక్టే, అంత మంచిదైతే తిన్నందుకు నాకు ఎదురు ఎందుకు ఇస్తారు అనుకుంటారు.

ఇక నా తప్పు. మొదటి ఆదివారానికి ముందురోజు రాత్రి కూర్చుని బోలెడంత రెడీ చేశా. బ్రెడ్‌ని ఎలుగుబంటి ఆకారంలో కోశా, కీరా ముక్కలతో కళ్ళు, క్యారెట్‌తో ముక్కు, బఠానీలతో నెక్లెస్. పిల్లలొచ్చాక వాళ్ళకి మిగిలిన పని ఏంటంటే ముక్కలు అతికించడం, అంతే. అక్క నవ్వుకుంటూ తినేసింది. చిన్నోడు చాలాసేపు చూసి 'టీచర్, ఇది బొమ్మ కదా, బొమ్మని తినరు కదా' అన్నాడు. వాదించడానికి నా దగ్గర ఏమీ లేదు. కీరా తడి తగిలిన బ్రెడ్ ముక్కని కూడా పక్కకి నెట్టేశాడు, అంటే వాడి ఏడింటిలో ఒకటి కూడా ఆరోజు నేనే పాడుచేశా. ఇంటికెళ్ళి ఆలోచిస్తే అర్థమైంది, ఆరోజు సరదా పడింది నేను, వాడు కాదు.

అందుకే రెండో వారం నుంచి ప్లాన్ మొత్తం మార్చేశా. అలంకారాలు బంద్, వాడికి నిజం పని ఇవ్వాలి, చేయకపోతే వంట ఆగిపోవాలి, అలాంటి పని. ఇంకో రూల్ పెద్దవాళ్ళకి, తిను అనకూడదు, రుచి చూడు అనకూడదు, తిన్నా మెచ్చుకోకూడదు. వాళ్ళ నాన్నకి ఈ మూడోది చాలా కష్టమైంది పాపం. టేబుల్ మీద ఒక ఖాళీ గిన్నె పెట్టా, నచ్చకపోతే ఉమ్మెయ్యడానికి, ఎవరూ ఏమీ అనరు. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది కానీ వెనక్కి వచ్చే దారి ఉందని తెలిస్తేనే పిల్లలు ముందుకి అడుగేస్తారు, నేను చూసినంతవరకు.

రెండో వారం బ్రెడ్ చేశాం, వాడు తినేదే కాబట్టి. 500 గ్రాముల మైదా, 320 గ్రాముల నీళ్ళు, 10 గ్రాముల ఉప్పు, 7 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్. కప్పులతో కాకుండా కిచెన్ స్కేల్‌తో తూయించా, ఆ సున్నా బటన్ నొక్కడం పిల్లలకి ఎంత ఇష్టమో చెప్పలేను, గిన్నె పెట్టి నొక్కితే గిన్నె బరువు మాయమైపోతుంది కదా, చిన్నోడు ఖాళీ గిన్నెతోనే పదిసార్లు ఆడాడు. నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి, 55 డిగ్రీలు దాటి వేడెక్కాయంటే ఈస్ట్ చచ్చిపోవడం మొదలవుతుంది అని చెప్పా. చచ్చిపోతుందా అంటే అది బతికుందా అని అడిగాడు. బతికే ఉంది అన్నా. అప్పటినుంచి గిన్నె దగ్గర మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టాడు.

పిండి చేతికి అంటుకోగానే మాత్రం ఏడుపు, సింక్ దగ్గరికి పరుగు. ఇది ముందే ఊహించా. జిగురు, తడి పడని పిల్లలకి చేతులే మొదటి నోరు, చేయి ఒప్పుకోనిది నోరు ఒప్పుకోదు. గరిట ఇచ్చా, తర్వాత ప్లాస్టిక్ స్క్రేపర్, తర్వాత పొడిపిండి దండిగా చల్లి ఒక వేలితో గుచ్చమన్నా. నాలుగోసారికి రెండు చేతులూ పెట్టాడు, పది సెకన్లు ఉంటాయేమో. పచ్చి పిండి మాత్రం నోట్లో పెట్టుకోనివ్వను, గుడ్డు లేకపోయినా సరే, పచ్చి పిండిలోనూ కడుపుని పాడుచేసే బ్యాక్టీరియా ఉండొచ్చు, ఈ విషయం పెద్దవాళ్ళకే చాలామందికి తెలీదు. కొంచెం ముద్ద గాజు సీసాలో వేసి రబ్బర్ బ్యాండ్‌తో గుర్తు పెట్టాం, గంటన్నరలో ముద్ద రబ్బర్ బ్యాండ్ దాటి పైకొచ్చింది, వాడు అక్కడి నుంచి కదల్లేదు. ఆరోజు వాడు తిన్నది బ్రెడ్డే, కానీ అంచుతో సహా తిన్నాడు. వాళ్ళమ్మ నావైపు చూసింది, నేను గిన్నెలు కడుగుతున్నట్టు నటించా.

మూడో వారం కత్తి. ఇక్కడ వాళ్ళమ్మతో నాకు చిన్న గొడవే అయింది, 'మేడమ్, ఆరేళ్ళకే కత్తా' అని. ఆవిడ భయం తప్పు కాదు. కానీ పనికిరాని ప్లాస్టిక్ బొమ్మ కత్తి ఇస్తే ప్రమాదం ఇంకా ఎక్కువ, తెగదు కాబట్టి పిల్లలు బలమంతా పెట్టి నొక్కుతారు, అప్పుడే జారుతుంది. నేను వాడేది పిల్లల కోసం చేసిన పళ్ళున్న నైలాన్ కత్తి, మెత్తటి వాటిని బాగానే కోస్తుంది, చర్మాన్ని అంత తేలిగ్గా కోయదు. బోర్డు కింద తడి గుడ్డ పెట్టాలి కదలకుండా, పిల్లలు నిలబడే ఎత్తు సరిపోవాలి, మోచేయి బోర్డు కంటే పైన ఉండాలి, లేకపోతే బలం అంతా పక్కకి పోతుంది. చేతి పట్లు రెండే రెండు నేర్పిస్తా. ఒకటి పిల్లి పంజా, వేళ్ళ చివర్లు లోపలికి మడిచి పట్టుకోవడం. రెండోది వంతెన, బొటనవేలు ఒకవైపు మిగతా వేళ్ళు ఒకవైపు పెట్టి మధ్యలోంచి కత్తి పోనివ్వడం. ముందు అరటిపండు, తర్వాత కీరా. గుండ్రంగా దొర్లే వాటిని ముందు నేను నిలువుగా సగం చేసి చదునైన వైపు కిందకి పెట్టి ఇస్తా. ముక్కలు ఒకటి మందం ఒకటి పలచన వచ్చాయి, ఎవరూ సరిచేయలేదు. కోసేటప్పుడు మాటలు కూడా వద్దన్నా, అక్క ఏదో కబురు చెప్పబోతే చిన్నోడే 'ష్, కత్తి పట్టుకున్నా' అన్నాడు. కోయడం అయ్యాక వేలికి అంటిన కీరా నీళ్ళని నాకాడు, ఎవరూ చూడట్లేదు అనుకుని. నోట్స్‌లో రాసుకున్నా, బయటికి ఏమీ అనలేదు.

నాలుగో వారం పెద్దగా ఏం లేదు, ఊదారంగు క్యాబేజీ ఉడికించిన నీళ్ళలో నిమ్మరసం వేస్తే గులాబీ, వంటసోడా వేస్తే నీలం అవడం చూపించా, పిల్లలు ఎగిరారు, తిండి విషయంలో ఒక్క అంగుళం కదల్లేదు. రంగులు మార్చడం మ్యాజిక్ షో, వంట కాదు, అది కూడా నా ఎలుగుబంటి లాంటిదే అని ఇప్పుడు అనిపిస్తుంది.

ఐదో వారం జెల్లీ. ఇదే ఈ కేస్‌లో మలుపు, నిజం చెప్పాలంటే నేను ప్లాన్ చేసింది కాదు. పండ్లరసంలో జెలటిన్ కలిపి కప్పుల్లో పోసి ఫ్రిజ్‌లో పెట్టాలి, అంతే. నేను ఫోన్ మాట్లాడటానికి రెండు నిమిషాలు పక్కకెళ్ళా (పిల్లలు వంట చేస్తుంటే వెళ్ళకూడదు, తెలుసు, పొయ్యి ఆపేసే ఉంది). ఆ రెండు నిమిషాల్లో అక్క అందంగా ఉంటుందని తాజా పైనాపిల్ ముక్కలు అన్ని కప్పుల్లోనూ వేసేసింది. మూడు గంటలు ఆగి తీస్తే నీళ్ళు నీళ్ళుగా ఉంది. అక్క ముఖం మాడిపోయింది. చిన్నోడు మాత్రం కప్పు ఒంచుతూ, అది కారుతుంటే పగలబడి నవ్వుతూ 'ఎందుకు కట్టలేదు ఎందుకు కట్టలేదు' అని నా వెంట పడ్డాడు.

పచ్చి పైనాపిల్‌లో బ్రోమలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది ప్రోటీన్‌ని ముక్కలు చేస్తుంది. జెలటిన్ ప్రోటీనే కాబట్టి వల లాగా అల్లుకుని నీళ్ళని పట్టి ఉంచాల్సింది తెగిపోతుంది. పైనాపిల్‌ని ఉడికిస్తే ఎంజైమ్ పాడైపోతుంది, జెల్లీ కడుతుంది, డబ్బాలో వచ్చే పైనాపిల్‌తో ఇబ్బంది రాదు, దాన్ని వేడి చేసే డబ్బాలో పెడతారు కాబట్టి. పిల్లలకి ఇలా చెప్పలేదు, పైనాపిల్‌లో బుల్లి కత్తెరలు ఉంటాయి, వేడి తగిలితే మొండిబారిపోతాయి అన్నా. జెలటిన్ జంతువుల నుంచి వస్తుంది, శాకాహారులైతే అగర్ వాడుకోవచ్చు, అది సముద్రపు నాచు నుంచి వస్తుంది, ప్రోటీన్ కాదు కాబట్టి ఈ కత్తెరలు దాన్ని ఏమీ చేయలేవు, కాకపోతే బాగా మరిగించాలి.

చిన్నోడు నమ్మలేదు. సరే చూద్దాం అని ఆరో వారం మూడు కప్పులు పెట్టాం, ఒకదాంట్లో పచ్చి పైనాపిల్, ఒకదాంట్లో ఉడికించింది, ఒకదాంట్లో ఏమీ లేదు. కప్పుల మీద నంబర్లు వాడే రాశాడు. తీశాక రెండోదీ మూడోదీ గట్టిగా ఉన్నాయి, మొదటిది కారుతోంది. ఉడికించిన ముక్క లోపల కత్తెరలు నిజంగా మొండిబారాయా లేదా చూడాలన్నాడు, చెంచాతో తవ్వాడు, వాసన చూశాడు, నాలుక చివర పెట్టాడు, కొరికాడు, మింగాడు. మింగాక ఉమ్మెయ్యడానికి పెట్టిన గిన్నె వైపు ఒకసారి చూశాడు, వద్దనుకున్నాడు. తర్వాత ఒకటో కప్పులో పచ్చిది కూడా కొరికి 'ఇది నాలుకని గుచ్చుతోంది, కత్తెరలు ఉన్నాయి' అన్నాడు. పచ్చి పైనాపిల్ ఎక్కువ తింటే నాలుక మండటం మనకీ తెలుసుగా. వాళ్ళమ్మ లెక్క ప్రకారం ఏడాదిన్నరలో వాడంతట వాడు నోట్లో పెట్టుకున్న మొదటి కొత్త పదార్థం అది. ఎవరూ తినమనలేదు, వాడికి ఒక సంగతి తెలుసుకోవాల్సి వచ్చింది, నోటితో తప్ప తెలిసేది కాదు. నాకు ఇన్నేళ్ళుగా అర్థం కానిది ఆ కప్పుల దగ్గర అర్థమైంది, సరదాగా ఉండాల్సింది ప్లేట్ కాదు, పని.

తీపి గురించి ఒక మాట, ఎందుకంటే తల్లిదండ్రులందరూ అడుగుతారు, స్వీట్లు చేయించి మీరే అలవాటు చేస్తున్నారు కదా అని. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది విడిగా కలిపే చక్కెర, తేనె, పండ్లరసాల్లోని చక్కెర అన్నీ కలిపి రోజు మొత్తం శక్తిలో 10 శాతం లోపు ఉండాలి, 5 శాతానికి తగ్గిస్తే ఇంకా మంచిది అని. రోజుకి 1,500 క్యాలరీలు తినే పిల్లలకి 10 శాతం అంటే 37 గ్రాములు, సుమారు తొమ్మిది టీస్పూన్లు. ఎక్కువే అనిపిస్తుంది కానీ ఒక జ్యూస్, నాలుగు బిస్కెట్లతో అయిపోతుంది. నేను చేసేది ఏంటంటే తీపిని భోజనంతో పాటే ప్లేట్‌లో పెడతా, అందరికీ ఒకటే సైజు, అన్నీ తింటేనే అనే షరతు లేదు, మళ్ళీ వడ్డించడం లేదు. మొదటి రెండుసార్లు ముందు తీపే తినేస్తారు, తిననివ్వండి, తర్వాత దాని గొప్పతనం తగ్గుతుంది. కుకీలు చేసినరోజు రెండు ట్రేలు పెట్టాం, ఒకదాంట్లో మామూలు చక్కెర, ఒకదాంట్లో నాలుగో వంతు తగ్గించి. తగ్గించినవి తక్కువగా పరుచుకున్నాయి, రంగు కూడా కొంచెం తేలిగ్గా వచ్చింది, చక్కెర తీపికే కాదు వాటికీ కావాలి మరి. అక్క తేడా కనిపెట్టింది, చిన్నోడు కనిపెట్టలేదు, వాళ్ళ నాన్న రెండు ట్రేలూ ఖాళీ చేసే పనిలో పడి ఏమీ చెప్పలేదు. చక్కెర పాకం, క్యారమెల్ మాత్రం పిల్లల చేత చేయించను, 160 డిగ్రీలు దాటిన పాకం చర్మానికి అంటితే వదలదు. దాని బదులు చాక్లెట్ కరిగిస్తాం, 34 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, అందుకే చేతిలోనే కరిగిపోతుంది, ఒక్కటే జాగ్రత్త, చుక్క నీళ్ళు పడితే గడ్డలు గడ్డలుగా బిగుసుకుపోతుంది.

ఆ చాక్లెట్‌లో స్ట్రాబెర్రీలు ముంచారు. చిన్నోడు చాక్లెట్ అంతా నాకేసి స్ట్రాబెర్రీని శుభ్రంగా ప్లేట్‌లో పెట్టేశాడు. ఇది కూడా రాయాలి కదా.

ఏడో వారం రాలేదు, జ్వరం. ఆ పది రోజులూ మళ్ళీ బ్రెడ్డు, పాలు, ఫోన్. వాళ్ళమ్మ ఏడుస్తూ కాల్ చేసింది, అంతా పోయింది మేడమ్ అని. ఒంట్లో బాలేనప్పుడు మనం కూడా తెలిసిన తిండికే పోతాం, వాడూ అంతే అని చెప్పా. ఇంకోటి కూడా ఆ కాల్‌లో బయటపడింది, మామూలు రోజుల్లో ఇంట్లో వాడి చేత వంట చేయించడం ఆవిడ వల్ల కావట్లేదు, ఆఫీసు నుంచి వచ్చేసరికి ఏడు. తప్పు నాదే, నేను ఆదివారం గంటన్నర చేయించేది సోమవారం ఎవరు చేయగలరు? రోజుకి ఒక్క పని చాలు అని మార్చా, పది నిమిషాలు, కూరగాయలు కడగడమో, ఆకులు చింపడమో, ఉప్పు తూయడమో, కానీ ఆ పని వాడిదే, వాడు చేయకపోతే ఎవరూ చేసిపెట్టకూడదు.

ఎనిమిదో ఆదివారం, అంటే తొమ్మిదో వారంలో, పిజ్జా. వాడు హోటల్ యజమాని, చిన్న పుస్తకం పట్టుకుని అమ్మమ్మ దగ్గర, నాన్న దగ్గర ఆర్డర్ రాసుకున్నాడు. అమ్మమ్మ కావాలనే క్యాప్సికం, ఉల్లిపాయ, మొక్కజొన్న అన్నీ చెప్పింది. అన్నీ వాడే కోశాడు, ముట్టుకున్నాడు, పరిచాడు, వాడి పిజ్జా మీద మాత్రం చీజ్ తప్ప ఏమీ లేదు. సాస్ కోసం టమాటాలు ఉడికించి మిక్సీ పట్టేటప్పుడు బటన్ వాడే నొక్కాడు. 'నా దాంట్లో సాస్ కొంచెమే' అన్నాడు, గోరంత రాశాడు. తినేశాడు. వాళ్ళ నాన్న 'చూశావా టమా—' అనేలోపు టేబుల్ కింద వాళ్ళమ్మ కాలు తొక్కడం నాకు కనిపించింది.

పదో వారం లెక్క ఇది. ఏడు కాస్తా పదకొండు అయ్యాయి, టమాటా సాస్, తొక్క తీసిన కీరా, ఉడికించిన పైనాపిల్, ఇంకా వాడే గిలక్కొట్టిన ఆమ్లెట్, అదీ అంచులు మాత్రమే. బఠానీ లేదు, స్ట్రాబెర్రీ లేదు, గిన్నెలో ఏవైనా రెండు కలిసి ఉంటే లేదు. ఎనిమిది ఆదివారాలకి నాలుగు పదార్థాలు, కొందరికి ఇది నవ్వులాటగా ఉండొచ్చు. కొత్త రుచిని పిల్లలు ఒప్పుకోవడానికి ఎనిమిది నుంచి పదిహేనుసార్లు ఎదురుపడాల్సి రావచ్చని పరిశోధనలు చెప్తాయి, చాలా ఇళ్ళల్లో మూడోసారికే వీడు తినడు అని రాసి పారేస్తారు. వంటలో చేయి పెట్టిన పిల్లలు ఎక్కువ తింటారనడానికి 2014లో అపెటైట్ అనే జర్నల్‌లో వచ్చిన ఒక ప్రయోగం ఉంది, ఆరు నుంచి పదేళ్ళ పిల్లలు, తాము చేసిన రోజు సలాడ్ బాగా ఎక్కువ తిన్నారు, అయితే అది ఒక్కపూట భోజనం సంగతి. నా దగ్గర ఉన్నది ఒక్క పిల్లాడు. పైగా కొత్త తిండి మీద భయం రెండు నుంచి ఆరేళ్ళ మధ్య ఎక్కువగా ఉండి తర్వాత నెమ్మదిగా తగ్గుతుంది, కాబట్టి ఇందులో కొంత వయసు చేసిన పనే అయ్యుండొచ్చు. లంచం మానేయడమే పనిచేసిందేమో, వంట కాదేమో, రెండూ ఒకేసారి మార్చా కాబట్టి విడదీసి చెప్పలేను.

ఇంట్లో ఇంకా చిన్నపిల్లలు ఉండి ఇవన్నీ చేద్దామనుకుంటే, ఏడాది లోపు వాళ్ళకి తేనె తగలనివ్వొద్దు, ఐదేళ్ళ లోపు వాళ్ళ చేతికి గింజలు, పాప్‌కార్న్ ఇవ్వొద్దు, ద్రాక్షని నిలువుగా నాలుగు ముక్కలు చేసే ఇవ్వండి.

పోయిన వారం వాళ్ళమ్మ మెసేజ్ పెట్టింది. షాపులో చిన్నోడు కివీ పండ్లు కొనమని పట్టుబట్టాడంట, తినడానికా అని అడిగితే కాదు, వీటిలో కూడా కత్తెరలు ఉన్నాయేమో చూడాలి అన్నాడంట. ఉన్నాయి, పచ్చి కివీతో కూడా జెలటిన్ కట్టదు, ఆ మాట ముందే చెప్పొద్దని రిప్లై ఇచ్చా. ఫ్రిజ్‌లో నంబర్లేసిన కప్పులు మూడు ఉన్నాయంట. కివీ ఇంకా ఎవరూ తినలేదు.